ముందు ఏ దేశమో తేల్చుకోండి, కాయ కోత తర్వాత

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా పండ్ల ఎగుమతి గురించే వచ్చాయి. ఉలవపాడు వైపు నుంచి మామిడి, పొదలకూరు వైపు నుంచి నిమ్మ. అడిగిన తీరు వేరైనా అందరి సందేహం ఒకటే కాబట్టి మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకి నెట్టి ఇవన్నీ ఒకచోట పెట్టాం.

ప్రశ్న: సార్, మాది ఉలవపాడు దగ్గర పల్లె. ఆరెకరాల బంగినపల్లి తోట ఉంది. ప్రతి ఏడూ పూత మీదే వ్యాపారికి గుత్తకి ఇచ్చేస్తాం. దుబాయ్‌లో ఉన్న మా బావమరిది అక్కడి సూపర్ మార్కెట్ వాళ్ళతో మాట్లాడాడట, వచ్చే సీజన్‌లో వారానికి ఒక టన్ను పంపమంటున్నాడు. ఏయే కాగితాలు కావాలి, ఎవర్ని కలవాలి?

జవాబు: కాగితాల సంగతి చెప్తాను గానీ ముందు గుత్త సంగతి తేల్చుకోండి. తోట గుత్తకివ్వడం, ఎగుమతి చేయడం ఒకే ఒరలో ఇమడవు. గుత్తకిచ్చాక పూత మీద తేనెమంచు పురుగుకి ఏ మందు కొట్టారో, ఎన్నిసార్లు కొట్టారో, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపారో మీకు తెలియదు. రేపు అవతలి దేశంలో అడిగేది మొట్టమొదట అదే. ఆరెకరాలూ వద్దు, కనీసం రెండెకరాలు ఈ ఏడాది మీ చేతిలో పెట్టుకోండి.

ఇంకో సంగతి, చాలామంది తిరగేసి అర్థం చేసుకునేది ఇక్కడే. పండు లోపలికి రావడానికి షరతులు పెట్టేది కొనే దేశం. మన అధికారులు ఆ షరతులు చదివి, సరుకు వాటికి సరిపోయిందని రాసిస్తారు, అంతే. "మన ఆఫీసులో అన్నీ ఓకే చేశారు కదా" అంటే అక్కడి విమానాశ్రయంలో ఎవరూ వినరు. అదృష్టం కొద్దీ మీరు అడిగింది దుబాయ్. గల్ఫ్ దేశాలకి, పురుగు భయంతో పెట్టే యూరప్ మాదిరి వేడినీళ్ళ ట్రీట్‌మెంట్, అమెరికా మాదిరి రేడియేషన్ గొడవ సాధారణంగా ఉండదు కాబట్టి కొత్తవాళ్ళు మొదలుపెట్టడానికి అదే నయం.

ముందు మీ బావమరిదిని ఒక్కటి అడగండి. ఆ సూపర్ మార్కెట్ పేరు మీద ఆహార పదార్థాలు దిగుమతి చేసుకునే ట్రేడ్ లైసెన్సు ఉందా, అక్కడి మునిసిపాలిటీ సిస్టంలో దిగుమతిదారుగా నమోదై ఉన్నారా? లేదంటే ఎవరి లైసెన్సు మీద దించుతారు? ఉద్యోగ వీసా మీద ఉన్న మనిషి పేరున టన్ను మామిడి దిగదు. ఈ జవాబు రాతలో వచ్చేదాకా ఇక్కడ ఒక్క రూపాయి ఖర్చు పెట్టకండి.

ఇక మన వైపు. కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) వెబ్‌సైట్‌లో ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతిదారు కోడ్ తీసుకోవాలి, ఫీజు 500 రూపాయలు, పాన్ కార్డూ బ్యాంకు ఖాతా ఉంటే ఇంట్లో కూర్చునే అయిపోతుంది, దీనికి ఏజెంట్‌కి వేలు పోయడం శుద్ధ దండగ. తర్వాత వ్యవసాయ ఎగుమతుల్ని చూసే కేంద్ర సంస్థ అపెడాలో సభ్యత్వ నమోదు, దాన్నే ఆర్‌సీఎంసీ అంటారు. మీ బ్యాంకు ఏడీ కోడ్‌ని (విదేశీ డబ్బు లావాదేవీలకి బ్యాంకు శాఖకి ఉండే నంబరు) సరుకు వెళ్ళే కస్టమ్స్ స్టేషన్‌లో రిజిస్టర్ చేయించాలి, మనకి అది మామూలుగా చెన్నై ఎయిర్ కార్గో. ఈ మూడూ ఒక్కసారి చేసుకుంటే చాలు, తర్వాత అప్పుడప్పుడు అప్‌డేట్ చేసుకోవడమే.

ప్రతి లోడుకీ కావలసినవి వేరు: ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం), ఎయిర్‌వే బిల్లు (విమాన రవాణా పత్రం), అన్నిటికంటే ముఖ్యంగా ఫైటోశానిటరీ సర్టిఫికెట్. ఈ సరుకులో పురుగూ తెగులూ లేవని మన దేశం అవతలి దేశానికి ఇచ్చే హామీ పత్రం ఇది. 1951 నాటి అంతర్జాతీయ సస్య రక్షణ ఒప్పందం ప్రకారం దీని నమూనా అన్ని దేశాల్లో ఒకేలా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ప్లాంట్ క్వారంటైన్ వాళ్ళకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే, వాళ్ళు సరుకు చూసి ఇస్తారు. మాంగిఫెరా ఇండికా అన్న శాస్త్రీయ నామం, బాక్సుల సంఖ్య, బరువు, కొనేవాళ్ళ పేరు ఇన్‌వాయిస్‌లో ఎలా ఉన్నాయో ఇందులోనూ అచ్చం అలాగే ఉండాలి. 200 బాక్సులు అని రాసి 198 ఎక్కించారనుకోండి, ఆ రెండు బాక్సుల కోసం మొత్తం లోడు ఎండలో నిలబడుతుంది. కస్టమ్స్ పని సొంతంగా చేయబోకండి, పండ్లు చూసిన కస్టమ్స్ బ్రోకర్‌ని పెట్టుకోండి. మెషిన్ విడిభాగాలు పంపేవాడికి, కాయ రెండు రోజుల్లో మెత్తబడుతుందన్న కంగారు ఉండదు.

కాయ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు గానీ రెండు మాటలు. తొడిమతో కోసి, నీడలో తొడిమ తుంచి, బోర్లించి సొన పూర్తిగా కారనివ్వాలి. హైవే పక్కన బుట్టల్లో పెట్టి అమ్మేటప్పుడు సొన మరకని ఎవరూ పట్టించుకోరు, దుబాయ్ షెల్ఫ్ మీద ఆ మరకే కాయని సెకండ్ గ్రేడ్ చేస్తుంది. కార్బైడ్ పేరెత్తొద్దు, అది ఇక్కడే నిషేధం. మాగబెట్టాల్సి వస్తే ఇథిలీన్ గ్యాస్ చాంబర్ ఉంది, మన ఆహార భద్రతా సంస్థ దానికి 100 పీపీఎం దాకా అనుమతి ఇచ్చింది. కోల్డ్ స్టోరేజీ పేరుతో బంగినపల్లిని మరీ చల్లబరిచినా ప్రమాదమే, 12–13 డిగ్రీల కంటే కిందికి పోతే తోలు నల్లబడి, మాగినా రుచి రాదు.

డబ్బు విషయంలో బంధుత్వం పక్కన పెట్టండి. "సరుకు పంపు, అమ్ముడుపోయాక లెక్క చూద్దాం" అనే పద్ధతిలో నష్టం ఎప్పుడూ పంపినవాడిదే. నలభై బాక్సులు కుళ్ళిపోయాయని ఫొటో వస్తుంది, అవి మీ బాక్సులో కావో తేల్చేవాళ్ళు ఉండరు. సగమైనా అడ్వాన్స్ అడగండి, లేదా బ్యాంకు ద్వారా ఎల్‌సీ, అంటే కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తామని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ. కొనేవాడు డబ్బు ఎగ్గొట్టకుండా బీమా ఇచ్చే ఈసీజీసీ అనే ప్రభుత్వ సంస్థ ఒకటుందని గుర్తుంచుకోండి.

నా సలహా అడిగితే, మొదటి సీజన్ మీ పేరున పంపకండి. అపెడా గుర్తింపు ఉన్న ప్యాక్‌హౌస్ (కాయ ఏరి, శుభ్రం చేసి, పెట్టెల్లో సర్దే కేంద్రం) ద్వారా ఇప్పటికే పంపుతున్న ఎగుమతిదారుకి మీ రెండెకరాల కాయ ఇవ్వండి, లోడుతో పాటు మీరూ ప్యాక్‌హౌస్‌కి వెళ్ళి వాళ్ళు ఏ కాయ తీసి పక్కన పడేస్తున్నారో కళ్ళారా చూడండి. ఆ తిరస్కరణ కుప్ప చూస్తే మీ ఆరెకరాల్లో ఎగుమతి కాయ నిజంగా ఎంతో మీకే లెక్క తేలుతుంది.

ప్రశ్న: పొదలకూరు మండలంలో మాకు నాలుగెకరాల నిమ్మ తోట. ఢిల్లీకి లోడు పోయినంత కాలం ధర ఉంటుంది, అక్కడ రేటు పడిందంటే కోత కూలి కూడా రాదు. యూరప్‌కి పంపిస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. ఆకుల మీద కొంచెం గజ్జి ఉంది, పర్లేదు, కాయ మీద లేకపోతే చాలంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మకండి. గజ్జి తెగులు యూరప్ వాళ్ళ క్వారంటైన్ జాబితాలో ఉన్న బ్యాక్టీరియా తెగులు. స్పెయిన్, ఇటలీల్లో లక్షల ఎకరాల నారింజ, నిమ్మ తోటలున్నాయి, ఆ తెగులు తమ నేల మీద అడుగు పెట్టకూడదన్నది వాళ్ళ పట్టుదల. మన నిమ్మ రకాలకేమో గజ్జి చాలా తేలిగ్గా పట్టుకుంటుంది, వానలు పడుతుంటే చెప్పనే అక్కర్లేదు. గజ్జి ఉన్న దేశం నుంచి వచ్చే కాయకి వాళ్ళు పెట్టే షరతులు తోట దగ్గరే మొదలవుతాయి. కాయ వచ్చిన తోటలో, చుట్టుపక్కల కూడా ఆ పంట కాలంలో తెగులు లక్షణాలు లేవని అధికారిక తనిఖీలో తేలాలి, కాయని శుద్ధి చేయాలి, నమోదైన చోటే ప్యాక్ చేయాలి, ఇదంతా ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో అదనపు ప్రకటనగా రావాలి. "ఆకుల మీదే కదా" అన్న మాటకి అక్కడ తావు లేదు.

పైగా నిమ్మజాతి కాయ ఏదైనా సరే, తొడిమ గానీ ఆకు గానీ లేకుండా రావాలని యూరప్ నిబంధన. మనవాళ్ళు తాజాగా కనబడుతుందని బుట్టలో రెండాకులు వేస్తారు చూడండి, ఆ రెండాకులు చాలు కన్‌సైన్‌మెంట్ ఆగిపోవడానికి. పెట్టె మీద ఎక్కడి కాయో గుర్తు కూడా ఉండాలి.

మరి ఆశ వదులుకోవాలా అంటే, వద్దు. నిమ్మకి గల్ఫ్ ఉంది. కువైట్, ఖతార్, ఎమిరేట్స్‌లో మన పల్చ తోలు నిమ్మకాయ వాడకం బాగా ఉంది, అక్కడున్న మనవాళ్ళే పెద్ద గిరాకీ. గజ్జి మచ్చ లేని, ఒకే సైజు కాయ కావాలి, బస్తాల్లో కాకుండా గాలాడే పెట్టెల్లో పోవాలి. మామిడి కంటే నిమ్మ ఎక్కువ రోజులు ఆగుతుంది కాబట్టి రీఫర్ (చల్లగా ఉంచే) కంటైనర్‌లో ఓడ మీద పంపే వీలుంది, విమానం ఖర్చు తప్పుతుంది. ఆ తిరిగే ఆయన్ని మాత్రం ఒక పని చేయమనండి: తన ఆర్‌సీఎంసీ కాపీ, పోయిన సీజన్‌లో యూరప్‌కి నిమ్మ పంపిన ఒక్క ఫైటో సర్టిఫికెట్ కాపీ చూపించమనండి. చూపిస్తే నాకు మళ్ళీ రాయండి. గజ్జికి కొమ్మలు కత్తిరించడం, రాగి మందు పిచికారీ లాంటివి మీ ఉద్యాన అధికారిని అడిగి మొదలుపెట్టండి, ఢిల్లీ లోడుకైనా అవి పనికొస్తాయి.

ప్రశ్న: నాయనా, మాది ఒంగోలు. మా వాడు న్యూజెర్సీలో ఉంటాడు. వాడి స్నేహితుడు వచ్చే వారం వెళ్తున్నాడు, ఆ అబ్బాయి సూట్‌కేసులో ఓ డజను మామిడికాయలు పెట్టి పంపుదామనుకుంటున్నా. బట్టల మధ్య పెడితే కనపడవంటున్నారు. సర్టిఫికెట్ ఏదన్నా కావాలా?

జవాబు: వద్దమ్మా. ఆ సూట్‌కేసుని పట్టుకునేది మెషిన్ ఒక్కటే కాదు, వాసన పట్టే చిన్న కుక్కలు కూడా ఉంటాయి అక్కడ, బంగినపల్లి వాసన మనకే వీధి చివరి దాకా వస్తుంది కదా. ఫారంలో చెప్పకుండా తీసుకెళ్తే కాయలు పోవడమే కాక ఆ అబ్బాయికి జరిమానా పడుతుంది, పేరు వాళ్ళ రికార్డులో చేరుతుంది. మీ వాడిని సీజన్‌లో అక్కడి ఇండియన్ స్టోర్‌లో కొనుక్కోమనండి, ఖరీదెక్కువే అయినా టెన్షన్ ఉండదు. ఆ ఖరీదు ఎందుకో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: మాది కందుకూరు వైపు రైతు ఉత్పత్తిదారుల సంఘం. అమెరికాలో మన మామిడికి పెట్టె ధర వింటే కళ్ళు తిరుగుతున్నాయి. మేం నేరుగా పంపాలంటే ఏం చేయాలి? రేడియేషన్ పెట్టిన పండు తింటే జబ్బులొస్తాయని మా సభ్యులు భయపడుతున్నారు. జపాన్, కొరియాల మాటేమిటి?

జవాబు: భయం సంగతి ముందు తీర్చుకుందాం. కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాల ముందు నుంచి పెట్టెలు కదిలిపోతాయి, పండు ఆ పదార్థాన్ని తాకదు, పండులో రేడియేషన్ మిగలదు. అమెరికా అడిగే కనీస మోతాదు 400 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). ఆహారానికి 10,000 గ్రే దాకా ఇబ్బంది లేదని అంతర్జాతీయ నిపుణుల కమిటీ 1980లోనే తేల్చింది. ఆ 400 గ్రేతో పురుగు చచ్చిపోవాలని కూడా లేదు, ఇక పిల్లల్ని పెట్టలేకపోతే చాలు. టెంక పురుగు కాయ లోపల టెంకలో దాక్కుంటుంది, బయట నుంచి ఎంత చూసినా కనపడదు, అందుకే అమెరికా వాళ్ళు ఈ పద్ధతి పట్టుకున్నారు. పద్దెనిమిదేళ్ళ నిషేధం తర్వాత 2007లో మన మామిడి అమెరికా గడప తొక్కింది ఈ ఒప్పందం మీదే.

చిక్కేమిటంటే ఈ పని ఎక్కడబడితే అక్కడ చేయించడానికి లేదు. అమెరికా వ్యవసాయ శాఖ ఒప్పుకున్న కేంద్రాలు కొన్నే ఉన్నాయి: మహారాష్ట్రలో వాషి, లాసల్‌గావ్ వంటివి, మనకి దగ్గరగా అంటే బెంగళూరు పక్కన మాలూరు. పర్యవేక్షణకి వాళ్ళ ఇన్‌స్పెక్టర్ ఇక్కడికి రావడం, ఆ ఖర్చు ఎగుమతిదారుల వైపే పడటం ఈ పద్ధతిలో భాగం. కోవిడ్ రోజుల్లో వాళ్ళు రాలేక 2020, 2021లో ఎగుమతే ఆగిపోయింది. 2022లో మళ్ళీ మొదలయ్యాక ఆ పర్యవేక్షణని క్రమంగా మన వాళ్ళకి అప్పగించే ఒప్పందం జరిగింది. ట్రీట్‌మెంట్, పురుగు దూరని జాలీ ఉన్న పెట్టె, విమానం, ఇన్ని కలిస్తే న్యూజెర్సీ ధర అంత అవుతుంది, అందులో తోట ధర చిన్న ముక్క. కళ్ళు తిరగాల్సింది ఆ లెక్క చూసి.

కాగితం విలువ తెలియాలంటే 2025 మే సంగతి వినండి. నవీ ముంబైలో రేడియేషన్ పూర్తయిన 15 కన్‌సైన్‌మెంట్లు లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో, అట్లాంటా విమానాశ్రయాల్లో ఆగిపోయాయి. కాయలో పురుగు ఉందని కాదు, ట్రీట్‌మెంట్‌కి సంబంధించిన ఒక పత్రం సరిగ్గా లేదని. వెనక్కి తెచ్చుకోండి, లేదా అక్కడే ధ్వంసం చేయండి అన్నారు. మామిడిని వెనక్కి తెచ్చుకునే విమాన ఖర్చు ఎవరు భరిస్తారు? ధ్వంసం చేసేశారు. నష్టం దాదాపు ఐదు లక్షల డాలర్లు అని ఎగుమతిదారులు చెప్పారు. అనుభవం ఉన్న పెద్ద ఎగుమతిదారులకే ఇలా జరిగితే, కొత్త సంఘం మొదటి లోడు అమెరికాకి పంపడం నాకైతే దుస్సాహసం అనిపిస్తుంది.

జపాన్ 1986లో పండు ఈగ పేరు చెప్పి మన మామిడిని ఆపేసి, ఇరవై ఏళ్ళ తర్వాత 2006లో తలుపు తీసింది. వాళ్ళది ఆవిరి పద్ధతి, కాయ లోపలి ఉష్ణోగ్రత 47.5 డిగ్రీలకి చేరి అలా 20 నిమిషాలు ఉండాలి. ఒప్పుకున్న రకాల్లో బంగినపల్లి ఉంది, అది మన అదృష్టం. కొరియాకీ ఆవిరి పద్ధతే. ఇక్కడ మీకు ఉత్సాహం ఇచ్చే సంగతి ఒకటి చెప్తాను: 2021 మేలో కృష్ణా, చిత్తూరు జిల్లాల రైతుల బంగినపల్లి, సువర్ణరేఖ రెండున్నర టన్నులు తిరుపతిలోని ఆవిరి ట్రీట్‌మెంట్ కేంద్రం నుంచి దక్షిణ కొరియాకి వెళ్ళాయి, పంపింది మన నెల్లూరు దగ్గరి ఇఫ్కో కిసాన్ సెజ్ వాళ్ళు. కందుకూరు నుంచి తిరుపతి ఎంత దూరం? పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతారు. సంఘం తరపున వెళ్ళి ఆ కేంద్రం చూసి, మీ తోటల్ని అపెడా వాళ్ళ ఆన్‌లైన్ తోటల నమోదు వ్యవస్థ హార్టీనెట్‌లో ఉద్యాన శాఖ ద్వారా నమోదు చేయించుకోవడం ఈ ఏడాది పనిగా పెట్టుకోండి. ఆ నమోదు ఏటా పునరుద్ధరించుకోవాలి. పండు ఈగకి మిథైల్ యూజినాల్ బుట్టలు కట్టడం, రాలిన కాయ ఏరి పాతిపెట్టడం అందరూ కలిసి చేయాలి, ఒక్క తోటలో మానేస్తే పక్క తోట ఈగ మీ తోటకి రాక మానదు. ఆవిరి ట్రీట్‌మెంట్‌కి పెట్టే ముందు, ఆ సీజన్‌కి షరతులు ఏమైనా మారాయా అని ప్లాంట్ క్వారంటైన్ వాళ్ళనే నేరుగా అడగండి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పాత కాగితాన్ని పట్టుకుని దిగకండి.

యూరప్ సంగతీ ఒక ముక్క. పండు ఈగ దొరికిందని 2014 మే 1 నుంచి మన మామిడిని ఆపేశారు, 2015 మొదట్లో ఎత్తేశారు. ఇప్పుడు 48 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ముంచే పద్ధతి మీద పోతోంది. సర్టిఫికెట్ తేదీకీ సరుకు బయల్దేరడానికీ మధ్య 14 రోజులు దాటకూడదు.

ప్రశ్న: మేము డీలర్ ఇచ్చిన, ప్రభుత్వం అనుమతించిన మందే కొట్టాం. అయినా మా మామిడి శాంపిల్ యూరప్‌కి పనికిరాదని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఇదెక్కడి న్యాయం? (కొండపి నుంచి)

జవాబు: మన అనుమతి మన దేశానికే. ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందుకి యూరప్ వాళ్ళు అందరికీ ఒకే గీత గీశారు, కిలోకి 0.01 మిల్లీగ్రాము. అంటే టన్ను కాయలో పది మిల్లీగ్రాములు. క్లోరోపైరిఫాస్ చూడండి, మన షాపుల్లో మామూలుగా దొరికేది, 2020లో యూరప్ దానికి లైసెన్సు పొడిగించకుండా ఆపి, ఆ ఏడాది చివర్లో పరిమితిని ఈ గీత దగ్గరికే తెచ్చింది. అక్కడ పండించేవాళ్ళు కూడా వాడకూడదు కాబట్టి మన మీద కక్ష అనడానికి లేదు, అయినా దెబ్బ మన రైతు మీదే ఎక్కువ పడిందన్నది నిజం. ఇంకో చిక్కు, డబ్బా మీద పేరు లేని మందు లోపల కలిసి ఉండటం, "ఇది కూడా కలిపి కొట్టు" అని డీలర్ చేతిలో పెట్టే బిల్లు లేని సీసా. రిపోర్టులో ఏ మందు ఎంత వచ్చిందో ఉంటుంది, దాన్ని మీ బిల్లులతో సరిపోల్చండి. మీరు కొనని మందు కనిపిస్తే సంగతి డీలర్ దగ్గర తేలుతుంది. ఆ కాయ దేశీ మార్కెట్‌కి పోతుంది, ఎవరి ద్వారా పంపబోయారో వాళ్ళకి రిపోర్టు దాచకుండా చూపించండి. వచ్చే సీజన్‌కి కోతకి ముందే, అపెడా గుర్తించిన ల్యాబ్‌లో శాంపిల్ చూపించుకోండి, కోసి పెట్టెల్లో సర్దాక తెలిస్తే చేయగలిగేది లేదు.

ప్రశ్న: కావలిలో మా బంధువు చెక్క పెట్టెలు బాగా చేస్తాడు. అట్టపెట్టెల కంటే గట్టివని వాటిలోనే పంపుదామనుకుంటున్నాం. ఇబ్బంది ఉందా?

జవాబు: ఉంది. చెక్కలో కూడా పురుగు ప్రయాణం చేస్తుంది కాబట్టి, పచ్చి చెక్కతో చేసిన పెట్టెగానీ కింద పెట్టే ప్యాలెట్‌గానీ వేడి ట్రీట్‌మెంటో మిథైల్ బ్రోమైడ్ పొగో పెట్టించుకుని, గోధుమ కంకి బొమ్మ ఉన్న అంతర్జాతీయ ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర వేసే హక్కు లైసెన్సున్న కేంద్రాలకే ఉంది, మీ బంధువు సొంతంగా స్టాంపు చేయించుకుంటే కేసు అవుతుంది. పండ్లకి గాలి రంధ్రాలున్న అట్టపెట్టె వాడండి, ప్యాలెట్‌కి మాత్రం ముద్ర ఉందో లేదో ఎక్కించే ముందు మీరే వంగి చూసుకోండి.